ఊగే స్పీడోమీటర్ ముల్లు, నిలవని క్రూజ్ కంట్రోల్: పాత కారులో ఈ రెండింటినీ వరుసగా సరిచేసే విధానం

పాత కారులో స్పీడోమీటర్ ముల్లు ఒకచోట నిలవకుండా కొట్టుకోవడం, యాక్సిలరేటర్ తొక్కకుండానే కారును ఒకే వేగంలో నడిపే క్రూజ్ కంట్రోల్ అసలు పట్టుకోకపోవడం లేదా పట్టుకున్న కాసేపటికే వదిలేయడం తరచుగా కలిసే కనిపిస్తాయి. చాలామంది వీటిని రెండు వేర్వేరు లోపాలుగా భావించి, క్రూజ్ కంట్రోల్ విడిభాగాలను ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోతారు. నిజానికి చాలా పాత కార్లలో ఈ రెండింటికీ వేగం సమాచారం ఒకే చోటు నుంచి అందుతుంది. 1958లో క్రిస్లర్ సంస్థ తన ఇంపీరియల్ కారులో ప్రవేశపెట్టిన తొలి క్రూజ్ కంట్రోల్ కూడా తిరిగే స్పీడోమీటర్ కేబుల్ నుంచే వేగాన్ని గ్రహించేది. ఆ సమాచారం తడబడితే ముల్లు ఆ తడబాటును కంటికి చూపిస్తుంది. క్రూజ్ కంట్రోల్‌కు మాత్రం కారు క్షణంలో 80 నుంచి 95కు, అక్కడి నుంచి 70కి మారినట్టు కనిపిస్తుంది. అలాంటప్పుడు అది థ్రాటిల్‌ను, అంటే ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని నియంత్రించే మూతను, వదిలేయడం లోపం కాదు, దాని రూపకల్పనలోనే ఉన్న రక్షణ.

అందువల్ల ఈ పనికి ఒక వరుస ఉంది. ముందుగా వేగం సంకేతాన్ని స్థిరపరచాలి, తర్వాత బ్రేక్, క్లచ్ స్విచ్‌లను పరీక్షించాలి, చివరిగా మాత్రమే థ్రాటిల్‌ను లాగే యూనిట్ దగ్గరకు వెళ్ళాలి. ఈ వరుసను తప్పి నేను ఒకసారి థ్రాటిల్‌ను గాలి పీడన తేడాతో లాగే, బాగున్న వాక్యూమ్ యూనిట్‌ను విప్పి కొత్తది బిగించాను. అసలు లోపం కేబుల్‌లోనే ఉండిపోయింది, ఆ కేబుల్‌ను మార్చిన రోజునే క్రూజ్ కూడా కుదురుకుంది.

విప్పడానికి ముందు

జాకీతో పాటు కారు బరువును మోయగల స్టాండ్లు, చక్రాలకు అడ్డుపెట్టే చెక్కలు, డిజిటల్ మల్టీమీటర్, గేజు ఉన్న చేతి వాక్యూమ్ పంపు, స్పీడోమీటర్ కేబుల్ కోసం తయారైన గ్రాఫైట్ గ్రీజు, వేగాన్ని జీపీఎస్ ద్వారా చూపే ఫోను సిద్ధం చేసుకోవాలి. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందకు ఎట్టి పరిస్థితిలోనూ దూరకూడదు. డ్యాష్‌బోర్డు విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీగను తీసివేయాలి. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటే, తీగ తీశాక సర్వీస్ మాన్యువల్ చెప్పిన సమయం పాటు ఆగాలి, ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్లను మల్టీమీటర్‌తో పరీక్షించకూడదు. ఓడోమీటర్‌లో ఉన్న అంకెను ఫొటో తీసి ఉంచుకోవాలి. మీటర్ క్లస్టర్‌ను (డ్యాష్‌బోర్డులోని మీటర్లన్నీ ఉన్న పెట్టెను) మార్చవలసి వస్తే కారు నడిచిన దూరానికి అదే ఆధారం.

మొదటి దశ: వేగం సమాచారం ఎలా వస్తోందో గుర్తించడం

గేర్‌బాక్స్ వెనుక భాగాన్ని టార్చితో పరిశీలిస్తే సంగతి చాలావరకు తేలిపోతుంది. అక్కడి నుంచి వేలు లావున నల్లటి గొట్టంలాంటి కేబుల్ బయలుదేరి డ్యాష్‌బోర్డు వైపు వెళితే అది పూర్తిగా యాంత్రికమైన ఏర్పాటు. ఆ కేబుల్ మధ్యలో చిన్న డబ్బాలాంటి భాగం ఉండి దానికి వైర్లు ఉంటే, ముల్లు కేబుల్‌తో తిరుగుతుంది, క్రూజ్ మాత్రం ఆ డబ్బాలోని సెన్సార్ నుంచి సంకేతం తీసుకుంటుంది. కేబుల్ లేకుండా రెండు లేదా మూడు వైర్ల కనెక్టర్ మాత్రమే ఉంటే అది ఎలక్ట్రానిక్ సెన్సార్. గేర్‌బాక్స్ మీద ఏమీ కనిపించకపోతే, వేగం చక్రాల దగ్గరి ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) సెన్సార్ల నుంచి వస్తోందని భావించవచ్చు.

రెండవ దశ: ముల్లు చెప్పేది వినడం

ఏదీ విప్పకముందే, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని, ముల్లు ఎప్పుడు ఎలా ఊగుతోందో రాసుకోమనాలి. ఈ అరగంట పని తర్వాతి రోజంతా ఆదా చేస్తుంది. తక్కువ వేగంలో లయగా ఊగి, వేగం పెరిగాక సర్దుకునే ముల్లు సాధారణంగా కేబుల్ లోపాన్ని చూపిస్తుంది. ముల్లుతో పాటు కీచుమనే శబ్దం, అదీ చలిలో ఎక్కువగా వస్తే, కేబుల్ గానీ మీటర్ లోపలి బేరింగ్ గానీ ఎండిపోయిందని అర్థం. ముల్లు పడిపోయినా ఓడోమీటర్ తిరుగుతూ ఉంటే కేబుల్ బాగానే ఉంది, లోపం మీటర్‌లోనే ఉంది. రెండూ ఒకేసారి ఆగితే కేబుల్ తెగిందో, గేర్‌బాక్స్‌లో కేబుల్‌ను తిప్పే చిన్న ప్లాస్టిక్ పళ్ళ చక్రం (పినియన్) పళ్ళు అరిగాయో చూడాలి.

ఎలక్ట్రానిక్ మీటర్ల తీరు వేరుగా ఉంటుంది. ముల్లు లయ లేకుండా ఒక్కసారిగా సున్నాకు పడి మళ్ళీ లేస్తే కనెక్షన్ తెగుతూ కలుస్తోందని అనుమానించాలి. హెడ్‌లైట్లు లేదా వైపర్లు వేసినప్పుడే ఊగితే ఎర్త్ (కారు బాడీ ద్వారా బ్యాటరీ నెగటివ్‌కు చేరే కనెక్షన్) బలహీనంగా ఉంది. కారు నిలబడి ఉండగా ఇంజిన్ రెయిజ్ చేస్తే ముల్లు లేస్తుంటే, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ నుంచో స్పార్క్ ప్లగ్ వైర్ల నుంచో విద్యుత్ అలజడి సంకేతంలోకి చొరబడుతోంది.

మూడవ దశ: కేబుల్

కేబుల్ ఉన్న కార్లలో చాలా సందర్భాల్లో పని ఇక్కడే పూర్తవుతుంది కాబట్టి దీనికి తగినంత సమయం ఇవ్వాలి. తక్కువ వేగంలోనే ముల్లు ఎందుకు ఊగుతుందో ముందు తెలుసుకోవడం మంచిది. జపాన్ ప్రమాణం ప్రకారం తయారైన మీటర్లలో కిలోమీటరుకు కేబుల్ 637 సార్లు తిరుగుతుంది. అంటే గంటకు 30 కిలోమీటర్ల వేగంలో సెకనుకు సుమారు ఐదుసార్లు, 90 దగ్గర సుమారు పదహారుసార్లు తిరుగుతుంది. తీగలో ఒకచోట వంపు ఉంటే అది ప్రతి చుట్టులోనూ ఒకసారి పట్టి, మెలిక బిగిసి, తటాలున వదులుతుంది. సెకనుకు ఐదు కుదుపులను ముల్లు అనుసరించగలదు కాబట్టి మన కంటికి కనిపిస్తాయి. పదహారు కుదుపులను అది అనుసరించలేదు కాబట్టి లోపం పోయినట్టు అనిపిస్తుంది. పోలేదు, కేవలం కనిపించడం లేదు.

కేబుల్ పై చివరను మీటర్ వెనుక నుంచి, కింది చివరను గేర్‌బాక్స్ నుంచి విప్పాలి. కొన్నిటికి చేతితో తిప్పే రింగు నట్టు ఉంటుంది, మరికొన్నిటికి నొక్కి లాగే క్లిప్పు ఉంటుంది. విప్పేటప్పుడే బయటి తొడుగు ఏ దారిన వెళ్ళిందో గమనించాలి. ఎక్కడైనా అరచేతి వెడల్పు కంటే బిగువైన వంపు తిరిగినా, ఎగ్జాస్ట్ వేడికి తొడుగు మెత్తబడినా, ఎప్పుడో వేరే మరమ్మతులో ఏదైనా బ్రాకెట్ కింద నలిగినా అదే మూలకారణం కావచ్చు. అలాంటి దారిని సరిచేయకుండా కొత్త కేబుల్ వేస్తే అది కూడా పాతదాని లాగే పాడవుతుంది.

లోపలి తీగను బయటకు లాగి గుడ్డతో పొడవునా తుడవాలి. తుడిచిన తీగను నున్నటి బల్ల మీద తిన్నగా పరచి, ఒక చివరను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నెమ్మదిగా దొర్లించాలి. బాగున్న తీగ పొడవునా ఒకే తీరున దొర్లుతుంది. వంపు తగిలిన తీగ ఆ చోటు రాగానే బల్ల మీది నుంచి కొద్దిగా లేచి ఆగుతుంది, వేళ్ళ మధ్య మెలిక బిగుసుకుంటున్నట్టు తెలుస్తుంది, ఆ తర్వాత ఒక్కసారిగా పల్టీ కొట్టి అవతలి పక్కకు పడుతుంది. డ్యాష్‌బోర్డులో ముల్లు ఎగిరిపడటం సరిగ్గా ఈ కదలికే. అలాంటి తీగను చేతితో సాగదీసి తిన్నగా చేయడానికి ప్రయత్నించకూడదు, మార్చాలి. పోగులు తెగినా, చివర్లలోని నలుపలకల భాగం అంచులు గుండ్రంగా అరిగినా కూడా మార్చవలసిందే.

తీగ బాగుంటే బయటి తొడుగును కిరోసిన్ వంటి ద్రావకంతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత తీగకు గ్రాఫైట్ గ్రీజును పలుచగా పట్టించాలి. మీటర్ వైపు ఉండే చివరి 15 నుంచి 20 సెంటీమీటర్లకు మాత్రం గ్రీజు రాయకూడదు. తీగ మీది చుట్టలు తిరిగేటప్పుడు గ్రీజును మరమేకు లాగా పైకి మోసుకుపోతాయి, అది మీటర్‌లోకి చేరితే ముల్లు మరో రకంగా పాడవుతుంది. స్ప్రే నూనెలు ఇక్కడ పనికిరావు. అవి మొదట్లో శబ్దాన్ని తగ్గించినా త్వరగా ఆవిరై, ఉన్న గ్రీజును కూడా కడిగేస్తాయి.

విప్పిన కేబుల్ మీద గేర్ ఆయిల్ కనిపిస్తే గేర్‌బాక్స్ పినియన్ దగ్గరి ఆయిల్ సీలు, ఓ రింగు కారుతున్నాయని అర్థం. పినియన్‌ను బయటకు తీసి పళ్ళను వరుసగా వేలిగోటితో తడిమి చూడాలి. ఒక్క పన్ను విరిగినా ప్రతి చుట్టులోనూ ఒక తొట్రుపాటు ఉంటుంది. కొత్తది కొనేటప్పుడు పళ్ళ సంఖ్య పాతదానితో సరిపోవాలి, ఒక్క పన్ను తేడా ఉన్నా ముల్లు తప్పు వేగం చూపుతుంది.

ఇప్పుడు ఒక నిర్ణయాత్మకమైన పరీక్ష చేయవచ్చు. కేబుల్‌ను మీటర్‌కు బిగించి, కింది చివరను వేగం నియంత్రించగల డ్రిల్లింగ్ మెషిన్‌కు పట్టించి, సరైన దిశలో నెమ్మదిగా తిప్పాలి. పైన చెప్పిన జపాన్ ప్రమాణపు మీటరైతే నిమిషానికి 637 చుట్ల దగ్గర ముల్లు 60 చూపాలి. స్థిరంగా తిప్పినప్పుడు ముల్లు కదలకుండా నిలిస్తే మీటర్, కేబుల్ రెండూ బాగున్నట్టే, వెతకవలసింది గేర్‌బాక్స్ వైపు. ఊగితే కేబుల్ తీసి, పొట్టి తీగ ముక్కతో మీటర్‌ను నేరుగా తిప్పి చూస్తే రెండింటిలో దోషం దేనిదో తేలుతుంది.

మీటర్ లోపలి సంగతి

1902లో ఓటో షుల్జె పేటెంట్ పొందిన సూత్రమే ఈ మీటర్లలో నేటికీ ఉంది. కేబుల్ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది, దానికి తగలకుండా ఉన్న అల్యూమినియం గిన్నెలో సుడి విద్యుత్ ప్రవాహాలు పుట్టి గిన్నెను తమతో పాటు లాగుతాయి, వెంట్రుకలాంటి స్ప్రింగు ఆ లాగుడును అడ్డుకుంటుంది. అయస్కాంతానికీ గిన్నెకూ మధ్య ఎలాంటి స్పర్శా ఉండదు. అందుకే బేరింగ్ అరిగి అయస్కాంతం కొద్దిగా పక్కకు ఒరిగినా, గ్రీజు చేరి రెండింటినీ అంటించినా ముల్లు ఎక్కువ వేగం చూపుతూ పిచ్చిగా ఊగుతుంది. బేరింగ్ దగ్గర నూనె పోసే చోటు ఉంటే ఒక్క చుక్క పలుచని నూనె వేయవచ్చు. స్ప్రింగును ముట్టుకోవద్దు, ముల్లును ఊడబీకవద్దు. అంతకు మించిన పని మీటర్లు బాగుచేసే నిపుణులదే.

నాలుగవ దశ: ఎలక్ట్రానిక్ సెన్సార్

రెండు వైర్ల సెన్సార్ సాధారణంగా అయస్కాంతం, తీగచుట్ట ఉన్న రకం. అది తనంతట తానే ఏసీ వోల్టేజీని పుట్టిస్తుంది, వేగంతో పాటు ఆ వోల్టేజీ పెరుగుతుంది. కనెక్టర్ తీసి, మల్టీమీటర్‌ను ఏసీ స్కేలులో పెట్టి చక్రాన్ని తిప్పించినప్పుడు అంకె సాఫీగా పెరగాలి, మధ్యలో పడిపోకూడదు. మూడు వైర్ల సెన్సార్ చాలావరకు హాల్ రకం, అంటే అయస్కాంత క్షేత్రంలోని మార్పును గుర్తించేది. దానికి సరఫరా, ఎర్త్, సంకేతం అనే మూడు వైర్లు ఉంటాయి. ముందు సరఫరా వోల్టేజీ, ఎర్త్ ఉన్నాయో లేదో నిర్ధారించుకుని, కనెక్టర్ పెట్టి ఉండగానే సంకేతపు వైరును వెనుక నుంచి పరీక్షిస్తూ చక్రాన్ని చేతితో నెమ్మదిగా తిప్పాలి. వోల్టేజీ తక్కువకూ ఎక్కువకూ మధ్య స్పష్టంగా మారుతూ ఉండాలి.

ఈ పరీక్షలో ఒక విషయం తికమక పెడుతుంది. లాక్ లేని సాధారణ డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల ఏర్పాటు) ఉన్న కారులో ఒక్క చక్రాన్నే లేపి తిప్పితే, ఆ చక్రం తిరిగే వేగంలో సగాన్నే స్పీడోమీటర్ గ్రహిస్తుంది. అది లోపం కాదు. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్ళే కార్లను ఒకవైపు లేపి ఇంజిన్‌తో తిప్పడం ప్రమాదకరం, ఆ పని చేయవద్దు.

సెన్సార్‌ను విప్పితే దాని అయస్కాంతపు మొనకు ఇనుప పొడి మెత్తటి నూగులా అంటుకుని ఉండటం తరచుగా కనిపిస్తుంది. తుడిచి మళ్ళీ బిగిస్తేనే కొన్ని కార్లు బాగుపడతాయి. వేగం ఏబీఎస్ నుంచి వచ్చే కార్లలో హబ్ దగ్గరి పళ్ళ రింగును చూడాలి. తుప్పు ఉబ్బి ఆ రింగు పగిలితే ముల్లు లయగా ఊగడంతో పాటు, మెల్లగా ఆగేటప్పుడు ఏబీఎస్ అకారణంగా పనిచేసి బ్రేక్ పెడల్ వణుకుతుంది.

సెన్సార్ బాగుండి కూడా ముల్లు ఊగితే ఎర్త్ వైపు తిరగాలి. ఇంజిన్ నడుస్తూ లైట్లు వెలుగుతుండగా క్లస్టర్ ఎర్త్ వైరుకూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య డీసీ వోల్టేజీ కొలిస్తే అది 0.1 వోల్టు లోపే ఉండటం మంచిది. బ్యాటరీ చివరల మధ్య ఏసీ వోల్టేజీ 0.5 దాటితే ఆల్టర్నేటర్ డయోడ్లను అనుమానించాలి. ఇవీ సరిగ్గా ఉంటే క్లస్టర్‌ను బయటకు తీసి, కనెక్టర్ పిన్నుల చుట్టూ ఉన్న టంకాన్ని భూతద్దంతో చూడాలి. పిన్ను చుట్టూ వెంట్రుకంత సన్నని నల్లటి వలయం కనిపిస్తే టంకం పగిలింది. పాత టంకం తీసి కొత్తగా వేస్తే ఏళ్ళ తరబడి వేధించిన లోపం పోవచ్చు.

ముల్లు స్థిరపడ్డాక జీపీఎస్‌తో పోల్చి చూడాలి. ఐక్యరాజ్యసమితి 39వ నియమావళి ప్రకారం స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు, ఎక్కువ చూపితే అసలు వేగంలో 10 శాతానికి 4 కిలోమీటర్లు కలిపినంత వరకు చూపవచ్చు. అందువల్ల జీపీఎస్ 80 అంటుండగా ముల్లు 84 దగ్గర కదలకుండా నిలిస్తే దాన్ని సరిచేయడానికి ప్రయత్నించనవసరం లేదు.

ఐదవ దశ: క్రూజ్ కంట్రోల్ స్విచ్‌లు

ముల్లు నిలిచాక ఒకసారి క్రూజ్ వేసి చూడండి. చాలాసార్లు అది అప్పటికే బాగుపడి ఉంటుంది. చాలా కార్లలో గంటకు సుమారు 40 కిలోమీటర్ల లోపు అది పట్టుకోదని గుర్తుంచుకోవాలి. ఇప్పటికీ పట్టుకోకపోతే ఫ్యూజు చూసి, తర్వాత బ్రేక్ లైట్ల దగ్గరకు వెళ్ళాలి. ఈ సూచన వింతగా అనిపించవచ్చు గానీ దీనికి బలమైన కారణం ఉంది. చాలా పాత కార్లలో క్రూజ్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె (మాడ్యూల్) బ్రేక్ లైట్ వైరును నిరంతరం గమనిస్తుంది. పెడల్ తొక్కనప్పుడు ఆ వైరు బల్బులోని ఫిలమెంటు గుండా ఎర్త్‌కు కలిసి ఉండాలి. బల్బులు కాలిపోయినా, వాటి హోల్డరు ఎర్త్ తుప్పు పట్టినా, ఫిలమెంటు బల్బుల స్థానంలో ఎల్‌ఈడీలు పెట్టినా ఆ దారి తెగిపోతుంది. అప్పుడు మాడ్యూల్ బ్రేక్ తొక్కినట్టుగానో వైరు తెగినట్టుగానో భావించి పట్టుకోదు. లైట్లు ఎల్‌ఈడీలకు మార్చిన తర్వాతే క్రూజ్ ఆగిందని గుర్తుకొస్తే, పాత రకం బల్బులు తిరిగి పెట్టి చూడటం అన్నిటికంటే చౌకైన పరీక్ష. ఇగ్నిషన్ ఆపి, మాడ్యూల్ కనెక్టర్ విప్పి, బ్రేక్ లైట్ వైరుకూ ఎర్త్‌కూ మధ్య నిరోధం కొలిస్తే అది కొద్ది ఓములకు మించకూడదు.

బ్రేక్ పెడల్ పూర్తిగా వెనక్కి రాకపోయినా, స్విచ్ సర్దుబాటు తప్పినా ఇదే ఫలితం వస్తుంది. మాన్యువల్ గేరు కార్లలో క్లచ్ స్విచ్‌నూ ఇలాగే చూడాలి. ఎంత తొందర ఉన్నా ఈ స్విచ్‌లను వైరు ముక్కతో కలిపి దాటవేయవద్దు. బ్రేక్ తొక్కినా వదలని క్రూజ్ ప్రాణాంతకం. పాత ఫోర్డ్ కార్ల యజమానులకు ఇంకొక ముఖ్యమైన మాట: బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో క్రూజ్‌ను ఆపే స్విచ్ కారి మంటలు పుట్టే ప్రమాదం ఉన్నందున ఆ సంస్థ 2009 నాటికి దాదాపు 1.4 కోట్ల వాహనాలను దశలవారీగా వెనక్కి పిలిచింది. మీ కారు అందులో ఉందో లేదో, ఆ మరమ్మతు జరిగిందో లేదో ముందే తెలుసుకోండి.

స్టీరింగ్ మీది బటన్లు పనిచేయనప్పుడు హారన్ కూడా మొరాయిస్తుంటే, లేదా స్టీరింగ్ ఒక కోణంలో ఉన్నప్పుడే బటన్లు పనిచేస్తుంటే, స్టీరింగ్ కింద తిరిగే కనెక్షన్ భాగం తెగిందని అర్థం. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో దీన్ని అనుభవజ్ఞులకే వదలాలి.

ఆరవ దశ: థ్రాటిల్‌ను లాగే యూనిట్

వాక్యూమ్‌తో పనిచేసే యూనిట్‌లో రబ్బరు డయాఫ్రమ్ ఉంటుంది. ఇంజిన్ ఆపి, యూనిట్ దగ్గర గొట్టం విప్పి, మిగిలిన ద్వారాలు మూసి, చేతి పంపుతో 50 కిలోపాస్కల్, అంటే పాదరసంలో సుమారు 15 అంగుళాల వాక్యూమ్ పెడితే థ్రాటిల్ కదలాలి, ఒక నిమిషం పాటు గేజు పడిపోకూడదు. పడితే డయాఫ్రమ్ చిరిగింది. నిలిస్తే గొట్టాలను వంచి పగుళ్ళు చూడాలి, బ్రేక్ పెడల్ దగ్గర గాలిని వదిలే వాల్వును కూడా ఇలాగే పంపుతో పరీక్షించాలి. చదునైన రోడ్డు మీద పట్టుకుని ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే వేగం కోల్పోతే, వాక్యూమ్ నిల్వ డబ్బా, దాని ఒకదిశ వాల్వు ముందుగా అనుమానించవలసినవి.

వేగం పెరుగుతూ తగ్గుతూ ఉండి, ముల్లు మాత్రం స్థిరంగా ఉంటే, యూనిట్‌కూ థ్రాటిల్‌కూ మధ్య కేబుల్ వదులైంది. సర్వీస్ మాన్యువల్ చెప్పినంత కొద్దిపాటి వదులును మాత్రమే ఉంచి బిగించాలి. మరీ బిగిస్తే థ్రాటిల్ పూర్తిగా మూసుకోక యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ వేగం పెరుగుతుంది. సర్దాక, ఇంజిన్ ఆపి ఉండగా యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కి వదిలితే థ్రాటిల్ టక్కున మూసుకోవాలి. మూసుకోకపోతే కారును రోడ్డెక్కించవద్దు.

చివరి దశ: రోడ్డు మీద పరీక్ష

పొడిగా, తిన్నగా, ఖాళీగా ఉన్న రోడ్డు మీద గంటకు 60 దగ్గర క్రూజ్ పెట్టి, పాదాన్ని బ్రేక్ మీద సిద్ధంగా ఉంచాలి. మొదట బ్రేక్‌ను తేలికగా తాకి వదులుతోందో లేదో చూడాలి, మళ్ళీ పెట్టి క్లచ్‌తో, ఆ తర్వాత ఆఫ్ బటన్‌తో చూడాలి. మూడు దారుల్లోనూ వెంటనే వదిలితేనే ఎత్తులు, పల్లాల మీద పరీక్షించాలి. మూడు నాలుగు వందల కిలోమీటర్లు నడిచాక మీటర్ వెనుక కేబుల్ విప్పి, పొడిగా వదిలిన పై భాగానికి గ్రీజు ఎక్కిందేమో చూసి, ఎక్కి ఉంటే తుడిచి, రింగు నట్టును చేతి బిగువుతో తిరిగి బిగించాలి.